తెర ఒకటే, విండోలు అనేకం: విమ్‌లో అమరిక ఎలా?

దూరాన ఉన్న సర్వర్‌లోకి వెళ్లి పనిచేసే ఇంజనీరుకు చాలాసార్లు మౌసు, బొమ్మల తెర ఉండవు. అక్షరాలు మాత్రమే కనిపించే టెర్మినల్ ఉంటుంది. ఒక ఫైలు చూస్తూ మరొకటి దిద్దాలంటే ఆ ఒక్క తెరనే పంచుకోవాలి. బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఎడిటర్‌లో ఈ పంపకం ఎలా జరుగుతుందో చూద్దాం.

బఫర్ వేరు, విండో వేరు

ఫైలును తెరిచినప్పుడు దాని పాఠం కంప్యూటర్ మెమరీలోకి వస్తుంది. అదే బఫర్. విండో ఆ బఫర్‌ను చూపించే చట్రం మాత్రమే. ఒకే బఫర్‌ను రెండు విండోల్లో తెరిచి, ఒకదానిలో మొదటి పేజీ, రెండోదానిలో చివరి పేజీ చూడవచ్చు. ఒకచోట మార్చింది రెండోచోట వెంటనే మారుతుంది. అదే ఫైలును రెండు వేర్వేరు టెర్మినళ్లలో తెరిచి దిద్దితే రెండు ప్రతులు తయారవుతాయి. చివర సేవ్ చేసిన ప్రతి, మొదటిదాని మార్పులను చెరిపేసే ప్రమాదం ఉంది. అందుకే అలా తెరవబోతే విమ్ హెచ్చరిస్తుంది.

చోటు లెక్క

పాత టెర్మినళ్ల కొలత 80 నిలువు గడులు, 24 వరుసలు. తెరను పైనా కిందా రెండుగా చీలిస్తే ఆదేశాలకు 1 వరుస, విండోల స్థితి పట్టీలకు 2 వరుసలు పోయి, పాఠానికి 21 వరుసలే మిగులుతాయి. పక్కపక్కన చీలిస్తే మధ్య గీతకు ఒక గడి పోయి 79 గడులు మిగులుతాయి. పొడవైన వాక్యాలున్న ఫైలుకు మొదటి పద్ధతి, రెండు ఫైళ్లను వరుసవారీగా పోల్చడానికి రెండోది అనుకూలం.

అమరిక మార్చడం

విండో ఆదేశాలన్నీ కంట్రోల్, డబ్ల్యూ మీటలు కలిపి నొక్కడంతో మొదలవుతాయి. ఆ తర్వాత చిన్న హెచ్, జె, కె, ఎల్ అక్షరాలు కర్సర్‌ను వరుసగా ఎడమ, కింద, పై, కుడి విండోలకు తీసుకెళ్తాయి. అవే పెద్ద అక్షరాలైతే విండోనే ఆ అంచుకు జరుపుతాయి. పక్కపక్కనున్న రెండు విండోల్లో ఒకదానిపై పెద్ద కె నొక్కితే అది పైన తెర వెడల్పంతా పరుచుకుంటుంది, రెండోది కిందికి చేరుతుంది. సమాన గుర్తు నొక్కితే పరిమాణాలు సమమవుతాయి.

చిన్న ఆర్ విండోల స్థానాలను చక్రంలా తిప్పుతుంది. అయితే పైన ఒక విండో, కింద పక్కపక్కన రెండు ఉన్నప్పుడు, పైదానిలో ఉండి ఆర్ నొక్కితే విమ్ ఒప్పుకోదు. కారణం, విమ్ అమరికను చెట్టులా గుర్తుంచుకుంటుంది. పై విండో ఒక ఆకు. కింది రెండూ ఒకే కొమ్మకు ఉన్న ఆకులు. ఒకే కొమ్మ నుంచి నేరుగా వచ్చినవన్నీ ఆకులైతేనే తిప్పడం కుదురుతుంది. కింది రెండింటిలో దేనిలోనైనా ఉండి నొక్కితే అవి చోట్లు మార్చుకుంటాయి.

ఈ చెట్టును మనసులో ఉంచుకుంటే ఆదేశాలను బట్టీ పట్టే అవసరం చాలా తగ్గుతుంది.