ఎన్నికల ఖర్చు: ఎంతవరకు? ఎందుకోసం?

ఎన్నికల్లో నిలబడాలంటే డబ్బు సంచులుండాలన్న మాట అందరి నోటా వింటున్నదే. కాని ఆ డబ్బును దేనికి వాడవచ్చో, దేనికి వాడకూడదో చట్టం స్పష్టంగానే చెప్పిందన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

1951 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టం 77వ సెక్షను ప్రకారం, నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించే రోజు దాకా అభ్యర్థి, అతని ఏజెంటు పెట్టే ఖర్చుకంతటికీ లెక్క రాయాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో దాన్ని జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే 3 సంవత్సరాల అనర్హత. 2022లో సవరించిన పరిమితి ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణాల్లో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షల రూపాయలు మించకూడదు.

సభలు, కరపత్రాలు, వాహనాలు, మైకులు ఈ పరిమితికి లోబడి పెట్టదగిన ఖర్చులు. ఓటుకోసం పంచే నోటు, సీసా అలా కాదు. అది పరిమితి లోపల ఉన్నా లంచమే!

మరి లొసుగెక్కడుంది? పార్టీ ఒక అభ్యర్థి కోసం పెట్టిన ఖర్చును, అతడు తెలిసీ వాడుకుంటే, అతని లెక్కలోనే కలపాలని 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అది 1971 నాటి ఢిల్లీ సదర్ లోక్‌సభ ఎన్నిక కేసు. నెల తిరక్కుండానే ఆర్డినెన్సు వచ్చి ఆ తీర్పును పక్కకు నెట్టింది. వీధి గుమ్మం మూసి దొడ్డి తలుపు తెరిచినట్లయింది. 2003 సవరణ ఆ తలుపును కొంత దగ్గరికి వేసింది. అయినా పార్టీ మొత్తం ఖర్చుకు నేటికీ పరిమితి లేదు.

ఇక మన సంగతి. 2006లో సుప్రీంకోర్టు ఆమోదించిన లింగ్డో కమిటీ సిఫార్సుల ప్రకారం విద్యార్థి సంఘ అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. పార్టీల సొమ్ము ముట్టరాదు. అచ్చువేసిన పోస్టర్లు పనికిరావు, చేత్తో రాసినవే అంటించాలి. రెండు వారాల్లో ఆడిట్ చేసిన లెక్క ఇవ్వాలి. ఆ లెక్కను విద్యార్థులందరూ చూసేలా అధికారులు ప్రకటించాలి.

చూసేవాడు లేకపోతే ఏ లెక్కయినా కాకిలెక్కే. ఎమ్మెల్యే అభ్యర్థి లెక్కను ఎవరైనా ఒక్క రూపాయి రుసుం కట్టి చూడవచ్చని ఎన్నికల నిబంధనలు చెబుతున్నాయి. ఆ రూపాయి కట్టి అడిగినవాళ్లు మనలో ఎందరు? ఆ అలవాటు కాలేజీలోనే మొదలు కావాలి. మన నోటీసు బోర్డు మీది లెక్కను చదవడంతోనే మొదలు పెడదాం.