మీ బీఎంఐ ఎంత? రాష్ట్రం లెక్కతో దాన్ని ఎలా పోల్చుకోవాలి?

30 ఏళ్లు దాటినవారి ఉచిత ఆరోగ్య పరీక్షలు: లబ్ధిదారులకు వివరణ (ఆంధ్రప్రదేశ్)

ఆశా అక్క, ఏఎన్ఎం మీ ఇంటికి వచ్చి బరువు, ఎత్తు చూసి బీఎంఐ అని ఒక అంకె రాసి వెళ్లారా? అదే వారంలో ఫోన్‌లో "ఆంధ్రాలో ప్రతి ముగ్గురు ఆడవాళ్లలో ఒకరికి ఊబకాయం" అనే మెసేజ్ కూడా వచ్చిందా? ఈ రెండూ చూసి కొందరు భయపడుతున్నారు. ఇంకొందరు "అందరూ ఇలాగే ఉన్నారు కదా, మనకేం" అని పరీక్షకు రావడం మానేస్తున్నారు. రెండూ సరికాదు. మీ అంకె వేరు, రాష్ట్రం అంకె వేరు. ఏది దేనికి పనికొస్తుందో ఇక్కడ చూద్దాం.

1. బీఎంఐ అంటే ఏమిటి?

ఎత్తుకు తగ్గ బరువు ఉందా లేదా అని చూసే లెక్క. బరువును కిలోల్లో, ఎత్తును మీటర్లలో తీసుకోవాలి. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఫోన్‌లోని క్యాలిక్యులేటర్ చాలు.

ఉదాహరణ: బరువు 58 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు, అంటే 1.52 మీటర్లు.
58 ÷ 1.52 ÷ 1.52 = 25.1

ఎక్కువమంది చేసే పొరపాటు: ఐదడుగుల రెండంగుళాల ఎత్తును "5.2" అని లెక్కలో వేయడం. అలా వేస్తే లెక్క పూర్తిగా తప్పుతుంది. 5 అడుగుల 2 అంగుళాలు అంటే 157.5 సెంటీమీటర్లు. కాబట్టి 1.575 అని వేయాలి.

ఇంకో పొరపాటు ఎత్తు కొలవడంలో జరుగుతుంది. చెప్పులు విప్పి, మడమలు గోడకు ఆనించి, నిటారుగా నిలబడి కొలిపించుకోండి. పై ఉదాహరణలో ఎత్తు 3 సెంటీమీటర్లు ఎక్కువ రాస్తే బీఎంఐ 25.1 బదులు 24.1 వస్తుంది. ఒక పాయింటు తేడా! కార్డులో రాసిన ఎత్తు మీద అనుమానం ఉంటే మళ్లీ కొలవమని అడగండి, మొహమాటం వద్దు.

2. లెక్క చేయడం కష్టంగా ఉందా? ఇది చూసుకోండి

మీ ఎత్తుకు దగ్గరగా ఉన్న వరుస చూడండి. కిలోలు సుమారుగా ఇచ్చాం.

• 145 సెం.మీ. (4 అడుగుల 9 అంగుళాలు): 39 కిలోల లోపు తక్కువ బరువు. 48 దాటితే జాగ్రత్త. 53 దాటితే ఎక్కువ ముప్పు.
• 150 సెం.మీ. (4 అడుగుల 11 అంగుళాలు): 42 లోపు తక్కువ. 52 దాటితే జాగ్రత్త. 56 దాటితే ఎక్కువ ముప్పు.
• 155 సెం.మీ. (5 అడుగుల 1 అంగుళం): 44 లోపు తక్కువ. 55 దాటితే జాగ్రత్త. 60 దాటితే ఎక్కువ ముప్పు.
• 160 సెం.మీ. (5 అడుగుల 3 అంగుళాలు): 47 లోపు తక్కువ. 59 దాటితే జాగ్రత్త. 64 దాటితే ఎక్కువ ముప్పు.
• 165 సెం.మీ. (5 అడుగుల 5 అంగుళాలు): 50 లోపు తక్కువ. 63 దాటితే జాగ్రత్త. 68 దాటితే ఎక్కువ ముప్పు.
• 170 సెం.మీ. (5 అడుగుల 7 అంగుళాలు): 53 లోపు తక్కువ. 66 దాటితే జాగ్రత్త. 72 దాటితే ఎక్కువ ముప్పు.

ఇక్కడ "తక్కువ" అంటే బీఎంఐ 18.5 కంటే తక్కువ. "జాగ్రత్త" అంటే 23 నుంచి. "ఎక్కువ ముప్పు" అంటే 25 నుంచి. ఈ వరుసలు పెద్దవాళ్లకే. పిల్లలకు వేరే చార్టు ఉంటుంది. గర్భిణులు, కొత్తగా కాన్పు అయినవాళ్లు ఈ లెక్క వేసుకోవద్దు.

3. రాష్ట్రం లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్) నుంచి. సర్వే వాళ్లు ఎంపిక చేసిన ఇళ్లకు వెళ్లి స్వయంగా బరువు, ఎత్తు కొలుస్తారు. 2019–21లో జరిగిన ఐదో సర్వే ప్రకారం బీఎంఐ 25, ఆపైన ఉన్నవారు నూటికి ఇంతమంది:

• ఆంధ్రప్రదేశ్: మహిళలు 36.3, పురుషులు 31.1
• తెలంగాణ: మహిళలు 30.1, పురుషులు 32.3
• దేశం మొత్తం: మహిళలు 24.0, పురుషులు 22.9

మన రాష్ట్రంలో 2015–16 సర్వే నాటికి మహిళల అంకె 33.2. అంటే పెరిగింది. పట్నంలో ఉండే మహిళల్లో 44.4, పల్లెల్లో 32.6. "లావు అవ్వడం పట్నం వాళ్ల జబ్బు" అనే మాట ఇక చెల్లదు. మన పల్లెల అంకే దేశం మొత్తం అంకె కంటే ఎక్కువ ఉంది.

వాట్సాప్ మెసేజ్‌లో "ఊబకాయం" అని ఉంది కదా? ఈ 36.3లో కొంచెం అధిక బరువు ఉన్నవాళ్లు, బాగా ఊబకాయం ఉన్నవాళ్లు ఇద్దరూ కలిసి ఉన్నారు. అందరికీ ఊబకాయం అని అర్థం కాదు.

4. అసలు తికమక ఇక్కడే: గీతలు రెండు

సర్వే వాళ్లు గీత గీసింది 25 దగ్గర. దేశాల మధ్య, రాష్ట్రాల మధ్య పోల్చడానికి ఒకే గీత కావాలి కాబట్టి అలా పెట్టుకున్నారు. కానీ మన దేశంలో డాక్టర్లు 23 నుంచే జాగ్రత్త చెబుతారు. ఎందుకంటే, అంతే బీఎంఐ ఉన్న ఐరోపా వాళ్లతో పోలిస్తే మన ఒంట్లో కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట దగ్గర ఎక్కువ చేరుతుంది. అందుకే షుగర్ మనకు తక్కువ బరువుకే వస్తుంది.

కాబట్టి మీ బీఎంఐ 24 అయితే సర్వే లెక్కలో మీరు మామూలు మనిషే. ఆరోగ్య కేంద్రంలో మాత్రం "జాగ్రత్త" అంటారు. ఇద్దరిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. సర్వే గీత రాష్ట్రం కోసం. 23 గీత మీ కోసం.

5. పోల్చుకునే ముందు ఈ మూడు చూసుకోండి

వయసు: సర్వే అంకె 15 నుంచి 49 ఏళ్ల వారిది. మీకు 58 ఏళ్లయితే ఆ నూరుమందిలో మీ వయసు వాళ్లు లేరు. 18 ఏళ్ల అమ్మాయిలు మాత్రం ఉన్నారు.

జిల్లా: సర్వే జరిగినప్పుడు మన రాష్ట్రంలో ఉన్నవి 13 జిల్లాలు. 2022 ఏప్రిల్‌లో అవి 26 అయ్యాయి. కోనసీమ వాళ్లు చూసేది పాత తూర్పు గోదావరి అంకె. పాడేరు వాళ్లు చూసేది పాత విశాఖపట్నం జిల్లా అంకె. విశాఖ నగరం, పాడేరు ఏజెన్సీ కలిపి తీసిన సగటు అది. అటు నగరానికీ ఇటు ఏజెన్సీకీ సరిగ్గా అతకదు.

సగటు అంటే మంచిది అని కాదు: "మా జిల్లాలో అందరూ ఇంతే" అన్నంత మాత్రాన అది ఆరోగ్యకరం అయిపోదు. ఊళ్లో సగం మందికి జ్వరం వస్తే, జ్వరం మంచిదని అనుకోం కదా.

6. మూడు ఉదాహరణలు (అర్థం కావడానికి చెప్పినవి)

ఒకటి. 42 ఏళ్ల గృహిణి. ఎత్తు 152, బరువు 58. బీఎంఐ 25.1. "మా వీధిలో నేనే సన్నం" అంటారు. ఒక్క కిలో తగ్గితే బీఎంఐ 24.7 అవుతుంది, సర్వే లెక్కలోంచి బయటపడతారు. కానీ షుగర్ ముప్పు ఆ ఒక్క కిలోతో పోదు. వీధిలో వాళ్లను చూసి పరీక్ష మానేస్తే నష్టం ఆమెకే. షుగర్, బీపీ మొదట్లో పెద్దగా ఏ బాధా పెట్టవు. తెలిసేసరికి కళ్లు, కిడ్నీలు దెబ్బతిని ఉండొచ్చు.

రెండు. 50 ఏళ్ల ఆటో డ్రైవర్. ఎత్తు 165, బరువు 60. బీఎంఐ 22. అంకె బాగుంది. కానీ నడుము చుట్టుకొలత 96 సెంటీమీటర్లు. కాళ్లూ చేతులూ సన్నం, పొట్ట ముందుకు. ఈయన బీఎంఐ ఒక్కటీ చూసుకుని "నాకేం లేదు" అనుకుంటే మోసపోయినట్టే.

మూడు. ఏజెన్సీలో 26 ఏళ్ల తల్లి. ఎత్తు 150, బరువు 40. బీఎంఐ 17.8. ఊబకాయం మెసేజ్‌లు చూసి రాత్రి అన్నం మానేసింది. ఆమెకు కావాల్సింది తగ్గడం కాదు, పెరగడం. మన రాష్ట్రంలో నూటికి 14.8 మంది మహిళలు తక్కువ బరువుతో ఉన్నారని అదే సర్వే చెప్పింది. 15–49 ఏళ్ల మహిళల్లో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉందని కూడా చెప్పింది. అంటే ఒళ్లు చేసినవాళ్లలోనూ రక్తం తక్కువ ఉన్నవాళ్లు ఉంటారు. లావుగా ఉన్నంత మాత్రాన బలంగా ఉన్నట్టు కాదు.

7. టేపుతో నడుము కొలుచుకోండి

లంగా బొందు కట్టుకునే చోట, లుంగీ కట్టుకునే చోట కొలవకండి. పక్కన కింది పక్కటెముకకీ, తుంటి ఎముక పైభాగానికీ సరిగ్గా మధ్యలో టేపు చుట్టండి. ఊపిరి వదిలాక చూడండి. పొట్ట లోపలికి పీల్చొద్దు.

• మహిళలు: 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త
• పురుషులు: 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త

ఆశా అక్క నింపే ఫారంలో ఈ కొలత కూడా ఉంటుంది. వయసు, పొగాకు, మద్యం, వ్యాయామం, ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగర్ ఉన్నాయా అనేవి కలిపి స్కోరు వేస్తారు. స్కోరు 4 దాటితే ముందుగా పరీక్షకు పిలుస్తారు. 4 లోపు వచ్చినా పరీక్ష అక్కర్లేదని కాదు.

8. మీకు ఏం అందుతుంది?

30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ బీపీ, షుగర్, నోటి క్యాన్సర్ పరీక్ష ఉచితం. మహిళలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్షలు ఉంటాయి. మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ అడగండి. బీఎంఐ ఎంత ఉన్నా ఈ పరీక్షలు చేయించుకోవచ్చు.

చాలామంది అడిగే ప్రశ్న: "బీఎంఐ ఎక్కువ రాస్తే బియ్యం కార్డు తీసేస్తారా? పింఛను ఆగుతుందా?" లేదు. వాటి అర్హత ఆదాయం, వయసు లాంటి వాటి మీద ఉంటుంది. బరువుకీ దానికీ సంబంధం లేదు. భయపడి బరువు చూపించకుండా దాక్కోవద్దు.

9. ఇంట్లో ఏం చేయొచ్చు?

• లక్ష్యం చిన్నదిగా పెట్టుకోండి. బరువు ఎక్కువున్నవాళ్లు ఉన్న బరువులో నూటికి 5 నుంచి 7 వంతులు తగ్గినా షుగర్ వచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. 58 కిలోల మనిషికి అది 3, 4 కిలోలే.
• కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది. మనం అన్నం ఎక్కువ, కూర నంజుకోవడానికి అన్నట్టు తింటాం. దాన్ని తిప్పండి. పప్పు, గుడ్డు తగ్గించకండి.
• నూనె ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. ఎన్ని రోజులకు అయిపోయిందో చూడండి. వచ్చే ప్యాకెట్ రెండు రోజులు ఎక్కువ వచ్చేలా వాడండి.
• వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడవండి. అంటే రోజుకు అరగంట, వారంలో ఐదు రోజులు.
• బరువు తగ్గించే పొడులు, కషాయాల ప్రకటనలు నమ్మి బీపీ, షుగర్ మాత్రలు ఆపేయొద్దు.
• ఏమీ చేయకుండానే బరువు తగ్గిపోతుంటే సంతోషపడకండి. షుగర్, టీబీ ఉన్నా అలా అవుతుంది. వెంటనే డాక్టర్‌ని కలవండి.

గుర్తుంచుకోండి

రాష్ట్రం అంకె చూసి ప్రభుత్వం ఎక్కడ ఎన్ని మందులు, ఎంతమంది సిబ్బంది కావాలో ప్లాన్ చేసుకుంటుంది. అది మీ ఒంటికి పరీక్ష కాదు. మీరు పోల్చుకోవాల్సింది పక్కింటి వాళ్లతోనూ కాదు, జిల్లాతోనూ కాదు. పోయిన ఏడాది మీ కార్డులో రాసిన అంకెతో ఈ ఏడాది అంకె పోల్చుకోండి. బరువు, నడుము, బీపీ, షుగర్ నాలుగూ ఒకే కాగితం మీద తేదీతో రాసి దాచుకోండి. ఈసారి ఏఎన్ఎం వచ్చినప్పుడు ఆ కాగితం చూపించండి.

ఫోన్ చదవడం రాని పెద్దవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఇది వాళ్లకు చదివి వినిపించండి.