మన పొలానికి మ్యాపులో ఏ రంగు వేశారు?

పొలం మనదే. పట్టాదారు పాసు పుస్తకం మన పేరు మీదనే ఉంది. తాతగారు శిస్తు కట్టిన రసీదులు సైతం ట్రంకు పెట్టెలో భద్రంగా ఉన్నాయి. అయినా ఆ పొలంలో ఒక మూల కొడుకు ఇల్లు కట్టుకుంటానంటే, "ఇది ఇళ్ల జోను కాదు, అనుమతి రాదు" అని మున్సిపల్ ఆఫీసులో చెప్పి పంపుతారు. పట్టణాలకు దగ్గరగా ఉన్న పల్లెలలో ఈ మాట విన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. మనల్ని అడగకుండా మన పొలానికి ఈ పేరు ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు అన్నది మాత్రం చాలామందికి తెలియదు.

పట్టణం రాబోయే ఇరవై ఏళ్లలో ఎటు పెరగాలో, రోడ్లు ఎక్కడ పడాలో, ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు ఎక్కడెక్కడ ఉండాలో ముందుగా గీసి పెట్టే పటాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. దీనికి మూలమైన పట్టణ ప్రణాళికా చట్టం మద్రాసు ప్రెసిడెన్సీ రోజులలో, 1920లో వచ్చింది. పెద్ద నగరాల చుట్టూ అభివృద్ధి సంస్థలను ఏర్పాటు చేయడానికి 1975లో మరొక చట్టం చేశారు. పటంలో సాధారణంగా నివాస ప్రాంతానికి పసుపు రంగు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, బడులు, ఆసుపత్రుల వంటి వాటికి ఎరుపు, పొలాలకు, తోటలకు ఆకుపచ్చ వేస్తారు. ఆ రంగునే జోను అంటున్నారు.

జోను మారినంత మాత్రాన యాజమాన్యం మారదు. పొలం మనదిగానే ఉంటుంది, దున్నుకోవచ్చు, పంట వేసుకోవచ్చు. కానీ ఇంటి అనుమతి ఆ రంగును బట్టే వస్తుంది. కొనేవాడు ఇచ్చే ధర కూడా ఆ రంగును బట్టే ఉంటుంది. మరొక సంగతి కూడా గమనించండి. "నాలా డబ్బు కట్టాం గదా, ఇంకేమిటి?" అని కొందరు అంటారు. నాలా అన్నది 2006 చట్టంతో వచ్చిన రెవెన్యూ శాఖ పద్ధతి. సాగుభూమిని సాగేతర భూమిగా లెక్కలో మార్చడం దాని పని. దానిని రెండు తెలుగు రాష్ట్రాలూ తరువాత మార్చుకుంటూ వచ్చాయి, ఆంధ్రప్రదేశ్‌లో 2025లో రద్దు చేశారు. మాస్టర్ ప్లానులోని రంగు వేరే సంగతి. ఒక కాగితం చేతికి వస్తే రెండవది దానంతట అదే రాదు.

కామారెడ్డిలో జరిగినది మన పల్లె కుటుంబాలన్నీ తెలుసుకోదగినది. 2022 చివరలో ఆ పట్టణపు ముసాయిదా మాస్టర్ ప్లాను ప్రకటించారు. అభ్యంతరాలు తెలుపుకోవడానికి 2023 జనవరి 11 వరకు గడువు ఇచ్చారు. పట్టణం చుట్టూ ఉన్న గ్రామాల రైతులు పటంలో తమ సర్వే నంబర్లు వెతుక్కుంటే, పంట పండే భూములు పారిశ్రామిక జోనులో కనబడ్డాయి. కొందరి చేల మీదుగా వెడల్పైన రోడ్లు గీసి ఉన్నాయి. జనవరి మొదటి వారంలో ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నాడు. భూమి పోతుందన్న బెంగతోనే ప్రాణం తీసుకున్నాడని కుటుంబం వారు, గ్రామస్థులు చెప్పారు. మరునాడు వందలాది మంది రైతులు, వారిలో ఎందరో స్త్రీలు, కలెక్టరు కార్యాలయం ముందు బైఠాయించారు. పట్టణంలో బంద్ జరిగింది. కొందరు హైకోర్టుకు వెళ్లారు.

"ఇది ముసాయిదా మాత్రమే, భూములు ఎవరూ తీసుకోవడం లేదు" అని అధికారులు చెప్పారు. ఆ మాట నిజమే. అయితే రెండెకరాల రైతుకు ఆ మాట సరిపోదు. కూతురి పెళ్లికో, పిల్లవాని చదువుకో అర ఎకరం అమ్మవలసి వస్తే, ఊదా రంగు పడిన చేనును ఇంటి స్థలం కోసం ఎవరు కొంటారు? భయం అక్కడ పుట్టింది. ఆ భయాన్ని మొదటనే గ్రామంలో కూర్చుని, తెలుగులో, సర్వే నంబరు చూపించి విడమరచి చెప్పి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదని నా అభిప్రాయం. చివరకు 2023 జనవరి 20న కామారెడ్డి మున్సిపల్ కౌన్సిలు ఆ ముసాయిదాను రద్దు చేయాలని తీర్మానించింది. అదే రోజులలో జగిత్యాలలోను రైతులు ఇలాగే రోడ్డెక్కారు, అక్కడి కౌన్సిలు కూడా వెనక్కి తగ్గింది.

దీనిని బట్టి ఆకుపచ్చ రంగు ఉంటే రైతుకు మేలని అనుకోవద్దు. 2015-16లో కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు సరిగ్గా దానికి వ్యతిరేకంగా అభ్యంతరం చెప్పారు. అమరావతి రాజధాని ప్రాంతపు ముసాయిదాలో తమ గ్రామాలను వ్యవసాయ పరిరక్షణ జోనులుగా గుర్తించారనీ, రాజధాని దగ్గరవారి భూమికి విలువ పెరుగుతుంటే తమ భూమి ఉన్నచోటనే ఆగిపోతుందనీ వారి బాధ. ఒకచోట పొలం పొలంగా ఉండనివ్వమన్నారు, మరొకచోట పొలంగానే కట్టిపడేయవద్దన్నారు. రెండుచోట్లా పటం గీసిన తరువాతనే రైతుకు తెలిసింది.

ఇక ఏ కట్టుబాటూ వద్దంటే ఏమవుతుంది? హైదరాబాదుకు నీళ్లిచ్చిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లు 1908 మూసీ వరద తరువాత కట్టిన జలాశయాలు. వాటి చుట్టూ పది కిలోమీటర్ల మేర, 84 గ్రామాలలో పెద్ద కట్టడాలు, కాలుష్యం కలిగించే పరిశ్రమలు రాకుండా 1996 మార్చిలో 111వ జీవో ఇచ్చారు. చెరువులు కాపాడాలన్నది మంచి మాట. కాని పట్టణమంతా తాగే నీటి కోసం ఆ గ్రామాల రైతులే ధర వదులుకోవలసి వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 69వ జీవోతో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్లు ప్రకటించారు. అప్పటికే అవసరానికి తక్కువకు అమ్ముకున్నవారికి దానితో ఒరిగినదేమీ లేదు.

కనుక చదువరులారా, మీ ఊరు ఏదైనా పట్టణంలో విలీనమయినా, అభివృద్ధి సంస్థ పరిధిలోకి వచ్చినా, ముసాయిదా ప్రకటన కోసం కనిపెట్టి ఉండండి. ప్రకటన పేపరులో సన్నని అక్షరాలతో వస్తుంది, మున్సిపల్ ఆఫీసులో పటం పెడతారు. పటంలో ఊరి పేరు చూసి తిరిగి రావద్దు. మీ సర్వే నంబరు ఏ రంగులో ఉందో టౌన్ ప్లానింగ్ సిబ్బందిని అడిగి చూపించుకోండి. ఇంగ్లీషు రానివారు చదువుకున్న పిల్లలను వెంట తీసుకువెళ్లండి. అభ్యంతరం నోటిమాటగా చెబితే లెక్కలోకి రాదు. గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రస్తుతం ఏ పంట ఉంది, ఏ జోను కోరుతున్నారు అన్నవి తెల్లకాగితం మీద రాసి, పాసు పుస్తకం నకలు జతచేసి, గడువులోగా ఇచ్చి, రెండవ ప్రతి మీద ముద్ర వేయించుకోండి.

పక్క పొలం వారు తమ భూమి జోను మార్చమని దరఖాస్తు పెట్టుకుంటే కూడా నాలుగు హద్దులతో పేపరులో ప్రకటన వస్తుంది. ఆ మార్పు వలన మీ దారి, మీ కాలువ దెబ్బతినేటట్లయితే అప్పుడూ అభ్యంతరం పెట్టవచ్చు. ఒంటరి రైతు ఫీజులు కట్టి, ఆఫీసుల చుట్టూ తిరిగి తన జోను మార్పించుకోవడం కష్టం. వెంచర్లు వేసేవారికి అది అలవాటైన పని. అందుచేత ముసాయిదా దశలో ఊరంతా కలిసి అడగడమే తేలిక.

సంఘ పెద్దలు చూడవలసినది ఒకటి ఉంది. మన సమాధుల తోటలు అనేకం పోరంబోకు భూములలో, రికార్డు లేకుండా ఉన్నాయి. అటువంటి చోట పటంలో రోడ్డో, ఇళ్లో గీసినా అడిగేవారుండరు. ముసాయిదాలో ఆ స్థలాన్ని శ్మశానంగా చూపారో లేదో చూసి, చూపకపోతే గ్రామస్థుల సంతకాలతో అర్జీ ఇవ్వండి. ముసాయిదాకూ తుది ప్లానుకూ తేడాలుంటాయి. తుది ప్లాను గెజిట్‌లో వచ్చిన తరువాత ముద్ర పడిన ఆ రెండవ ప్రతిని పట్టుకుని మళ్లీ ఒకసారి ఆఫీసుకు వెళ్లి, మీ నంబరు ఏ రంగులో ఉందో చూసుకోవాలి.