‘గుడ్డు పడదు’ అంటే.. ఏమవుతుందో అడగండి
అంగన్‌వాడీలు, ప్లేస్కూళ్లలో తీవ్ర అలర్జీపై అప్రమత్తత అవసరం

అంగన్‌వాడీ కేంద్రంలో బిడ్డను చేర్చేటప్పుడు తల్లులు తరచూ చెప్పే మాట ‘పడదు’. ‘మావాడికి గుడ్డు పడదమ్మా’, ‘పాలు పడవు’, ‘పల్లీలు పడవు’.. ఈ ఒక్క మాటకు మన ఇళ్లలో మూడు అర్థాలున్నాయి. రుచి నచ్చక బిడ్డ ఉమ్మేస్తాడన్నది ఒకటి. తింటే అరగక కడుపు ఉబ్బరిస్తుందని, విరేచనాలవుతాయని మరొకటి. తిన్న కొద్ది నిమిషాల్లోనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, పెదవులు వాచి, ఊపిరి అందదన్నది మూడోది. మొదటి రెండింటి వల్ల సాధారణంగా ప్రాణానికి ముప్పు ఉండదు. మూడోది ప్రాణాంతకం. విని ఊరుకోకుండా ‘తింటే ఏమవుతుంది? ఎంతసేపటికి అవుతుంది?’ అని టీచరు అడిగే రెండు ప్రశ్నలతోనే నివారణ మొదలవుతుంది.

ఈ మూడో రకాన్ని వైద్యులు ‘అనాఫిలాక్సిస్’ అంటారు. శరీరం ఒక ఆహార పదార్థాన్నో, కీటకపు విషాన్నో, మందునో శత్రువుగా పొరబడి ఒక్కసారిగా విరుచుకుపడటమే ఈ స్థితి. రోగనిరోధక వ్యవస్థకు చెందిన మాస్ట్ కణాల నుంచి హిస్టమిన్ తదితర రసాయనాలు వెల్లువలా విడుదలవుతాయి. రక్తనాళాలు వదులై రక్తపోటు పడిపోతుంది. గొంతు లోపలి పొరలు వాస్తాయి. ఊపిరితిత్తుల్లోని గాలిగొట్టాలు బిగుసుకుపోతాయి. పసిపిల్లల గాలిగొట్టాలు అసలే సన్ననివి కావడంతో కొద్దిపాటి వాపు కూడా వారికి పెద్ద ఆటంకమే.

అరుదే.. అందుకే ఏమరుపాటు
మన ప్రాంతంలో ఆహార అలర్జీ పాశ్చాత్య దేశాలంత విస్తృతంగా లేదు. పలు దేశాల్లో నిర్వహించిన ఒక అధ్యయనంలో భాగంగా కర్ణాటకలోని బడిపిల్లలను పరిశీలించగా, ఆహార అలర్జీ ఉండవచ్చని తేలినవారు వెయ్యికి ఒకరిద్దరే. ఈ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. పాతిక, ముప్పైమంది పిల్లలుండే కేంద్రాల్లో చాలావాటికి ఇటువంటి బిడ్డ ఎన్నడూ రాకపోవచ్చు. అయితే ఏ కేంద్రానికి వస్తాడో ముందుగా చెప్పగలవారు లేరు. చూసిన అనుభవం లేకపోవడం వల్లనే తొలి నిమిషాలు ‘దిష్టి తగిలింది’, ‘గొంతులో ఏదో అడ్డుపడింది’ అన్న ఊహల్లో గడిచిపోతాయి.

నియమాలు, కాగితాలు పుష్కలంగా ఉన్న చోట కూడా ఇదే జరిగింది. అమెరికాలోని న్యూయార్క్‌లో 2017 నవంబరులో మూడేళ్ల బాలుడికి డే కేర్ సిబ్బంది చీజ్ శాండ్‌విచ్ పెట్టారు. ఆ బాలుడికి పాల పదార్థాలు పడవన్న సంగతి ఆ కేంద్రానికి తెలుసు. లక్షణాలు మొదలైనప్పుడు వారు అంబులెన్సును పిలవకుండా తల్లికి కబురు చేశారు. బాలుడు దక్కలేదు. ఆ బాలుడి పేరిట ‘ఎలైజా చట్టం’ 2019 సెప్టెంబరులో వచ్చింది. తీవ్ర అలర్జీని నివారించడం, గుర్తించడం, స్పందించడంపై డే కేర్ కేంద్రాలు నిర్దిష్ట మార్గదర్శకాలను పాటించాలన్నది దాని సారాంశం. కాగితం మీద రాసి ఉన్న సంగతి వంటగది దాకా చేరకపోవడం, అంబులెన్సుకు బదులు ఇంటికి ఫోను చేయడం.. ఈ రెండు లోపాలూ మన కేంద్రాల్లోనూ సులువుగా జరగగలవు.

దాగి ఉన్న పదార్థాలు
గుడ్డు పడదన్న బిడ్డకు గుడ్డు పెట్టకుండా ఉండటం సులువు. చిక్కంతా కనిపించని రూపంలో ఉన్నవాటితోనే. వేరుశనగ మన వంటల్లో పల్లీల రూపంలోనే ఉండదు. పచ్చడిలో, వంకాయ కూర మసాలాలో, పొడుల్లో, చిక్కీల్లో కలిసిపోయి ఉంటుంది. నువ్వులదీ అదే తీరు. పాలు పడని బిడ్డకు గ్లాసు పాలు మాన్పించి మజ్జిగ అన్నం పెడితే ఫలితం ఉండదు. పిల్లలకు ఇచ్చే బాలామృతంలో గోధుమలు, శనగపప్పులతో పాటు పాలపొడి కూడా ఉంటుందని తల్లికి చెప్పాలి. కేకులో గుడ్డు, బిస్కెట్‌లో పాలపొడి, బర్ఫీలో జీడిపప్పు సాధారణం. ఒకే గరిటెతో రెండు గిన్నెలు కలిపినా, గుడ్డు ఒలిచిన చేతులతోనే మరో బిడ్డకు ముద్ద కలిపి పెట్టినా ప్రమాదమే. చేతులను సబ్బుతో కడగాలి. శానిటైజర్ రాసుకుంటే చేతికంటిన ఆహారపు మాంసకృత్తులు పోవు.

పట్టణాల్లోని ప్లేస్కూళ్లలో ఎక్కువ జాగ్రత్త అవసరమయ్యేది పుట్టినరోజు వేడుకల్లో. ఎవరో తెచ్చిన చాక్లెట్లు అందరికీ పంచుతారు. వాటిలో ఏముందో చూసేవారుండరు. ప్యాక్ చేసిన ఆహారంపై గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలు, పీతల వంటివి, పాలు, గుడ్డు, చేపలు, వేరుశనగ, జీడిపప్పు వంటి గింజలు, సోయా ఉంటే తెలపాలని భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020 నాటి లేబులింగ్ నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. అయితే ఆ వివరాలు ఇంగ్లిషులోనో హిందీలోనో ఉంటే చాలు, తెలుగు తప్పనిసరి కాదు. చదివి చెప్పవలసిన బాధ్యత కేంద్రం నిర్వాహకులపైనే పడుతుంది. చదవలేని ప్యాకెట్‌ను అలర్జీ ఉన్న బిడ్డకు ఇవ్వకపోవడమే క్షేమం.

ఆహారమొక్కటే కారణమని అనుకోరాదు. ఆవరణలోని చెట్టుకు తేనెపట్టు, చూరుకింద కందిరీగల గూడు ఉంటే పిల్లలు లేని వేళ తొలగించాలి. ఒక్క కుట్టుకే ఒళ్లంతా దద్దుర్లు లేచిన చరిత్ర ఉన్న బిడ్డను ఆరుబయట ఆటల్లో కనిపెట్టి ఉండాలి.

జాగ్రత్త అంటే పిల్లలందరికీ గుడ్లు, పల్లీలు ఆపేయడం కాదు. పోషకాహార లోపం ఇంకా వెంటాడుతున్న మన జిల్లాల్లో అటువంటి నిర్ణయం మేలుకన్నా కీడే చేస్తుంది. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్న శిశువులకు 4 నుంచి 11 నెలల మధ్యే వేరుశనగ పదార్థాలను పెట్టడం మొదలుపెడితే, ఐదేళ్ల వయసుకు ఆ అలర్జీ సుమారు 80 శాతం తగ్గిందని 2015లో వెలువడిన బ్రిటన్ పరిశోధన తేల్చింది. గింజలుగా కాదు, మెత్తని రూపంలో పెట్టారు. గింజలు పసివారి గొంతుకు అడ్డుపడతాయి. ఒక్క రక్తపరీక్ష కాగితం చూసి బిడ్డకు నాలుగైదు ఆహారాలు మాన్పించడమూ తగదు. పరీక్షలో స్పందన కనిపించినవారందరికీ ఆ ఆహారం తింటే ప్రమాదం ఉండదు. ఏది మానాలో వైద్యుడే నిర్ణయించాలి.

ఎలా గుర్తించాలి?
ఆహారం తిన్న తర్వాత నిమిషాల నుంచి రెండు గంటల లోపు లక్షణాలు మొదలవుతాయి. ఒక్క దద్దుర్లే వచ్చి, బిడ్డ హుషారుగా ఉంటే అది తీవ్ర స్థితి కాదు. అయినా బిడ్డను కనిపెట్టి ఉండాలి. దద్దుర్లతో పాటు ఆగని దగ్గు, పిల్లికూతలు, గొంతు బొంగురుపోవడం, నాలుక వాపు, పదేపదే వాంతులు, ఒళ్లు తేలిపోవడం వంటివాటిలో ఏ ఒక్కటి తోడైనా అనాఫిలాక్సిస్‌గానే భావించాలి. పదిమందిలో ఒకరిద్దరికి చర్మంపై ఏ మచ్చా కనిపించకపోవచ్చు. పడని పదార్థం తిన్న బిడ్డ దద్దుర్లు లేకుండానే ఆయాసపడుతుంటే ‘ఒంటి మీద ఏమీ లేదు కదా’ అని తాత్సారం చేయరాదు. మాటలు రాని పసివారి విషయంలో ఏడుపు గొంతు మారడం, చొంగ కారడం, ఆడుతున్న బిడ్డ ఉన్నట్టుండి మెత్తబడి మగతలోకి జారడం ప్రమాద సూచనలు.

భుజాన వేసుకుని పరుగెత్తవద్దు
బిడ్డకు ఏదైనా అయితే భుజాన వేసుకుని పరుగెత్తడం, మోటారు సైకిల్‌పై ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం మన అలవాటు. ఈ ఒక్క సందర్భంలో అది చేటు చేస్తుంది. రక్తపోటు పడిపోయిన స్థితిలో నిలువుగా ఎత్తితే గుండెకు రక్తం చేరక హఠాత్తుగా ప్రాణం పోవచ్చు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కొద్దిగా ఎత్తులో ఉంచాలి. వాంతులవుతున్నా, స్పృహ లేకున్నా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. ఊపిరాడని బిడ్డను కాళ్లు చాపి కూర్చోనివ్వవచ్చు. నిలబెట్టడం, నడిపించడం కూడదు. చంటిబిడ్డనైతే చేతుల్లో అడ్డంగా పట్టుకోవాలి.

ఒకరు బిడ్డను విడవకుండా ఉంటే మరొకరు 108కు ఫోను చేయాలి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఈ సేవ రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ‘తీవ్ర అలర్జీ, ఊపిరి ఆడటం లేదు’ అని స్పష్టంగా చెప్పాలి. తల్లిదండ్రులకు ఫోను ఆ తర్వాతే. అంబులెన్సు ఆలస్యమయ్యేలా ఉంటే ఆటోలోనో కారులోనో ఒడిలో పడుకోబెట్టుకుని దగ్గరి ఆస్పత్రికి తరలించాలి.

ప్రాణం నిలిపే మందు అడ్రినలిన్. తొడ మధ్యభాగంలో వెలుపలివైపు కండరంలోకి ఇస్తారు. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాముల లెక్కన, పది కిలోల బిడ్డకు మిల్లీలీటరులో ఒక మిల్లీగ్రాము ఉండే మందు 0.1 మిల్లీలీటరు సరిపోతుంది. తేరుకోకుంటే ఐదు నిమిషాలకు మళ్లీ ఇస్తారు. గ్రామాల్లో ఎక్కువగా జరిగేది ఎవిల్ సూదో, సిట్రిజిన్ సిరప్పో, స్టెరాయిడ్ ఇంజెక్షనో ఇచ్చి ‘కాసేపు చూద్దాం’ అనడం. ఇవి దురదను తగ్గించగలవేమో గానీ వాచిన గొంతును, పడిపోయిన రక్తపోటును వెంటనే సరిచేయలేవు. దద్దుర్లకు గొంగళితో రుద్దడం, పసరు పూయడం వంటివాటితో పోయేది కాలమే. ఆ కాలం ఎంత విలువైనదంటే, బ్రిటన్‌లో అనాఫిలాక్సిస్ మరణాలను పరిశీలించి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఆహారం వల్ల గుండె లేదా శ్వాస ఆగడానికి పట్టిన సమయం సగటున అరగంట. కీటకం కుట్టినప్పుడు పావుగంటే.

ఈ మందు మన అంగన్‌వాడీల గుమ్మం దాకా వస్తూనే ఉంది. టీకాల రోజున ఏఎన్‌ఎం తెచ్చే అనాఫిలాక్సిస్ కిట్‌లో అడ్రినలిన్ ఉంటుంది. టీకా వికటిస్తే ఒక మోతాదు స్వయంగా ఇవ్వడానికి కేంద్ర ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు ఆమెకు అనుమతినిచ్చాయి. అదే గదిలో మర్నాడు కోడిగుడ్డు వల్ల అదే స్థితి తలెత్తితే కిట్టూ ఉండదు, ఏఎన్‌ఎమ్మూ ఉండదు. ఈ వెలితిని అధికారులు పూడ్చవలసి ఉంది. ఈలోగా దగ్గరలో ఏ ఉపకేంద్రంలో, ఏ పీహెచ్‌సీలో అడ్రినలిన్ ఉందో, సాయంత్రం నాలుగు దాకా అక్కడ ఎవరుంటారో టీచరు ముందే కనుక్కుని, ఆ ఫోను నంబర్లను గోడపై రాసి పెట్టుకోవచ్చు. ఆంపుల్ నుంచి మందు తీసి ఇవ్వడం మాత్రం శిక్షణ పొందిన సిబ్బంది పనే.

విదేశాల నుంచి తిరిగొచ్చిన కొన్ని కుటుంబాలు పెన్ను ఆకారంలోని ఆటో ఇంజెక్టర్‌ను పిల్లల సంచిలో పెట్టి పంపుతుంటాయి. దానిని సామాన్యులు వాడేందుకే తయారుచేశారు. దుస్తుల మీదుగా కూడా తొడకు ఇవ్వవచ్చు. వాడే తీరును చేర్చుకునే రోజునే తల్లిదండ్రుల వద్ద నేర్చుకోవాలి. బీరువాలో పెట్టి తాళం వేస్తే అవసరానికి తాళంచెవి దొరకదు. పిల్లలకు అందని ఎత్తులో, పెద్దలందరికీ తెలిసిన చోట ఉంచాలి.

బిడ్డ తేరుకున్నా ఆస్పత్రికి వెళ్లడం మానరాదు. కొందరిలో కొన్ని గంటల తర్వాత లక్షణాలు తిరగబెడతాయి. అందుకే వైద్యులు పరిశీలనలో ఉంచుతారు. బిడ్డ ఏమి తిన్నాడు, ఎన్ని గంటలకు తిన్నాడు, మొదటి లక్షణం ఎప్పుడు కనిపించింది, ఏ మందు ఎప్పుడు ఇచ్చారు అన్నవి ఒక కాగితంపై రాసి వెంట పంపాలి. కేంద్రం ఊడ్చేటప్పుడు ఆ రోజు తిన్న బిస్కెట్ ప్యాకెట్‌ను ఆయా పారేయకుండా చూడాలి. కారణం ఏమిటో వైద్యులు తేల్చడానికి కొన్నిసార్లు ఆ ఖాళీ ప్యాకెట్ ఒక్కటే ఆధారమవుతుంది.