కృష్ణానగర్‌లో పాలకొల్లు కుర్రాడి మొదటి వేసవి!

పక్క గదిలో ఫైటరు, పై వాటాలో కాస్ట్యూమరు, ఎదురు సందు నిండా జూనియర్ ఆర్టిస్టులు... ఇలాంటి చోట కాపురముండే పదహారేళ్ళ కుర్రాడు రోజుకో సినిమా చూస్తూ, వారానికో హీరోతో ఫోటో దిగుతూ ఉంటాడనుకుంటున్నారా? అయితే మీరు పప్పులో కాలేశారన్నమాటే! హైదరాబాదు కృష్ణానగర్‌కి వచ్చిన పది నెలల్లో మన కుర్రాడు హాల్లో చూసిన సినిమాలు అక్షరాలా రెండు.

"పాలకొల్లులో నెలకి నాలుగు చూసేవాణ్ణండీ! హాలు నడిచెళ్ళే దూరం. గేటు దగ్గర బాబాయి మా ఇంటి పక్కాయనే" అని నిట్టూర్చాడు. పేరు రాయొద్దన్నాడు, క్లాసులో ఏడిపిస్తారట. అందుకని మనమూ 'మన కుర్రాడు' అనే పిలుచుకుందాం.

పాలకొల్లు అంటే మాటలా! అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు, కోడి రామకృష్ణ... ముగ్గురూ ఆ ఊరి నుంచి సినిమాల్లోకి వచ్చినవాళ్ళే. వాళ్ళు వెళ్ళింది మద్రాసుకి. తెలుగు సినిమా తన కాపురాన్ని హైదరాబాదుకి మార్చాక ఆ దారి ఇటు తిరిగింది. మన కుర్రాడి తండ్రి వడ్రంగి. రెడీమేడ్ తలుపులొచ్చి ఊళ్ళో పని పల్చబడితే, తెలిసినవాళ్ళ ద్వారా సినిమా సెట్ల పనిలో కుదిరాడు. మూడేళ్ళు ఒంటరిగా గడిపి, నిరుడు జూన్‌లో భార్యాబిడ్డల్ని తెచ్చుకున్నాడు. నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో నాలుగు సంచులు, గ్యాస్ పొయ్యి, కుర్రాడి బొమ్మల పుస్తకం... అదీ సామాను!

తెల్లారకముందే సందడి

కృష్ణానగర్‌లో కోడి కూయక్కర్లేదు. సెల్‌ఫోన్లు కూస్తాయి! నాలుగున్నరకే ఇడ్లీ బండ్ల దగ్గర దీపాలు వెలుగుతాయి. రోడ్డు పక్క కంపెనీ బండ్లు ఆగుతాయి. లైట్‌మన్లు, ప్రొడక్షన్ బాయిలు, డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు ఎవరి బండి వాళ్ళు వెతుక్కుంటారు. పాల ప్యాకెట్టుకి వెళ్ళిన మన కుర్రాడు రోజూ ఈ తంతు చూస్తాడు.

"బండెక్కినవాళ్ళని కాదండీ, ఎక్కనివాళ్ళని చూడాలి. చక్కగా తలదువ్వుకుని వస్తారు. పిలుపు రాకపోతే ఒక టీ తాగి మళ్ళీ గదికెళ్ళిపోతారు. మర్నాడు మళ్ళీ తలదువ్వుకుని వస్తారు" అన్నాడు.

పాలకొల్లులో ఉన్నన్నాళ్ళూ సినిమా అంటే వాడికి హీరో ఎంట్రీ, ఈలలు, చింపిన కాగితాలు. ఇక్కడ సినిమా అంటే నాన్న తెల్లవారుజామున వెళ్ళి రాత్రి తొమ్మిదికి రావడం!

"ఆయ్" గారి అవస్థలు

స్కూల్లో చేరిన మొదటివారమే మన కుర్రాడికి పేరు పెట్టేశారు. మాస్టారు అడిగినదానికి గోదావరి అలవాటుకొద్దీ "ఆయ్!" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. అంతే, ఆ రోజు నుంచి వాడి పేరే 'ఆయ్'. "గట్లనా", "ఏం సంగతి" అంటూ వాళ్ళు మాట్లాడుతుంటే, తనకి తెలిసిన తెలుగే కొత్తగా వినిపించేదట. దసరా దాకా మధ్యాహ్నం అన్నం ఒక్కడే కూర్చుని తిన్నాడు. ఇంట్లో మాత్రం "ఫ్రెండ్సున్నారమ్మా, చాలామంది" అని చెప్పేవాడు.

స్నేహం కుదిర్చింది చార్మినారు! స్కూలు ఎగ్జిబిషన్‌కి అట్టముక్కలతో చార్మినార్ చేశాడు. అందరూ మెచ్చుకున్నారు గాని, వెనక బెంచీ కుర్రాడొకడు అటూ ఇటూ తిప్పి చూసి, "అసలు చార్మినార్ చూసినవారా నువ్వు?" అని నిలదీశాడు. మనవాడు చూడలేదు మరి! చూసిందల్లా 'ఒక్కడు'లోనే. గుణశేఖర్ దర్శకత్వంలో 2003లో వచ్చిన ఆ సినిమా కోసం ఊరి బయట చార్మినార్ సెట్టు వేశారన్న సంగతి నాన్న చెప్పగా విన్నాడు. అంటే నకలుకి నకలు చేశాడన్నమాట! "సెలవులల్ల నేను తీస్కపోత, పా" అన్నాడు వెనక బెంచీ. ఆ మర్నాటి నుంచి రెండు టిఫిన్ డబ్బాలూ ఒకచోటే తెరుచుకున్నాయి.

వంటిల్లు లేని మేడలు

దసరా సెలవుల్లో తండ్రి ఒకసారి సెట్టు చూపించాడు. ముందు నుంచి చూస్తే పాలరాతి మహలు. వెనక్కి వెళ్తే కర్ర ఫ్రేములు, ప్లైవుడ్డు, మేకులు! మూడువారాలు కట్టిన ఆ మహల్లో రెండురోజులు షూటింగు జరిగింది. తర్వాత ఒక్క పూటలో విప్పేశారు. మన కుర్రాడికి ఆ రాత్రి నిద్రపట్టలేదు. తల్లి మాత్రం నవ్వేసింది. "ఆయన కట్టే మేడల్లో వంటిల్లుండదు బాబూ! మనకున్న ఒక్క గదే వంటిల్లు" అంది.

కాని సెట్టు వేయడం తక్కువ విద్యేం కాదు. 1957 నాటి 'మాయాబజార్'లో మనం నోరెళ్ళబెట్టి చూసే ద్వారకానగరం చిన్న చిన్న బొమ్మ ఇళ్ళ మహిమే. ఆ చిత్రానికి కళాదర్శకులు గోఖలే, కళాధర్. మచిలీపట్నంలో పుట్టిన తోట తరణి 'నాయకుడు' (1987), 'భారతీయుడు' (1996) చిత్రాల కళాదర్శకత్వానికి జాతీయ అవార్డులు అందుకున్నారు. ఇవన్నీ మన కుర్రాడికి కంఠతా వచ్చు. హీరోల పుట్టినరోజులు మాత్రం మర్చిపోతున్నాడట!

మూడు మనసులు, ఒక్క వేసవి

పదో తరగతి పరీక్షలయ్యాయి. అసలు కథ ఇప్పుడే మొదలైంది. సెలవుల్లో తనతో సెట్టుకి వస్తానన్నాడు కొడుకు. తండ్రి ససేమిరా అన్నాడు. "పద్దెనిమిది నిండేదాకా సెట్టు గడప తొక్కొద్దు. ఇప్పుడు సుత్తి పట్టుకుంటే మళ్ళీ పెన్ను పట్టుకోవు. పాలిటెక్నిక్ ఎంట్రన్సు రాయి!" అన్నది ఆయన మాట. ఇక్కడ చదివింది ఒక్క ఏడాదే కదా, స్థానికుడి లెక్కలోకి వస్తాడో రాడో అని తల్లి బెంగ. వీటన్నిటికన్నా అమ్మమ్మ దగ్గరికి పంపేస్తే రెండు నెలలు కడుపునిండా తింటాడని కూడా ఆవిడ ఆశ. కుర్రాడి మనసు ఇంకో చోట ఉంది. మాసాబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఇంటర్ తర్వాత బొమ్మల డిగ్రీ చదవొచ్చని, దానికి వేరే ఎంట్రన్సు ఉందని ఎక్కడో చదివాడు. ఆ మాట ఇంట్లో చెప్పడానికి నెలరోజులు పట్టింది!

చెప్పిన తీరు కూడా చిత్రమే. ఒక రాత్రి తండ్రి సెట్టు ప్లాను కాగితం ఇంటికి తెచ్చాడు. కొలతలన్నీ ఇంగ్లీషులో, పొట్టి అక్షరాల్లో ఉన్నాయి. ఇరవయ్యేళ్ళ పనివాడు ఆ కాగితాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పుతున్నాడు. కొడుకు పక్కన కూర్చుని స్కేలు పెట్టి, "ఇది ఎత్తు నాన్నా, ఇది లోతు. ఈ చుక్కల గీత కెమెరాకి కనపడని భాగం" అని చదివి చెప్పాడు. తండ్రి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇంటర్ అయ్యాక చూద్దాంలే" అన్నాడు. ఆయన నోట అది సగం ఒప్పుకోలేనట!

ఇదీ ప్లాను

చివరికి నోటుబుక్కులో ఖరారైన వేసవి ఇది. ఒకటి, నాన్న మాట మీద ఎంట్రన్సు. రెండు, అమ్మమ్మ ఇంట పదిహేను రోజులు. వేసవిలో కాలువలు కట్టేస్తారు కనక ఈతలుండవు. అయితేనేం, తాటిముంజలున్నాయి, గేటు దగ్గర బాబాయి ఉన్నాడు! "వాళ్ళ ముందు నోరుజారి గట్లనే అన్నానంటే చంపేస్తారండీ" అని నవ్వాడు. మూడు, వెనక బెంచీ స్నేహితుడితో మెట్రోలో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ వెళ్ళి, ఈలల మధ్య ఒక సినిమా. టిక్కెట్టు డబ్బులు అప్పుడే డబ్బాలో పడుతున్నాయి. నాలుగు, 1591 నాటి అసలు చార్మినార్ ఎదుట కూర్చుని బొమ్మ గీయడం. అయిదోది ఈమధ్యే చేర్చాడు. 'రాత్రి తొమ్మిదిన్నర, నాన్నతో ప్లాను చదవడం.' దానికి మాత్రం తేదీలు వేయలేదు.

ఈ ఏడు మీరూ ఊరు మారారా? అయితే మీ వెనక బెంచీలో ఎవరున్నారో ఒకసారి తిరిగి చూడండి. ఇక మన కుర్రాడంటారా... ఇవాళ రాయొద్దన్న ఆ పేరు ఏదో ఒకనాడు టైటిల్సులో 'కళ' అన్న మాట పక్కన పడాలని కోరుకుందాం. అప్పుడు మాత్రం పెద్దక్షరాల్లో రాసేస్తాం, ఆయ్!