దగ్గరి దారి, తొందర దారి

ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు దూరం ఎంత అన్న ప్రశ్నకు భూగోళశాస్త్రం ఇచ్చే జవాబు సుమారు 12,400 కిలోమీటర్లు. గోళం మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా అతి పొట్టి దారి, భూకేంద్రమే కేంద్రంగా భూమిని సరిసగంగా చీల్చే వృత్తం మీద ఉంటుంది; దీన్ని మహావృత్తం అంటారు. గోడ మీది పటంలో శాన్‌ఫ్రాన్సిస్కో అట్లాంటిక్‌కు ఆవల ఎక్కడో పడమటి కొసన కనిపిస్తుంది గాని, ఈ మహావృత్తం ఢిల్లీ నుంచి దాదాపు ఉత్తరంగా టిబెట్, సైబీరియాల మీదుగా ఆర్కిటిక్ సముద్రం దాకా వెళ్లి, అలాస్కా వైపు దిగుతుంది.

విమానాలు ఈ దారిని ఉన్నదున్నట్టు పట్టవు. లోపలి గాలి ఒత్తిడి పడిపోతే విమానం వెంటనే సుమారు 10,000 అడుగుల ఎత్తుకు దిగాలి, ప్రయాణికులకు అమర్చిన ప్రాణవాయువు కొద్ది నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి నేలే అంతకన్నా ఎత్తు కాబట్టి అక్కడ దిగే వీలుండదు.

2015 డిసెంబరులో ఢిల్లీ-శాన్‌ఫ్రాన్సిస్కో సర్వీసు మొదలుపెట్టిన ఎయిర్ ఇండియా, ఐరోపా, అట్లాంటిక్‌ల మీదుగా సుమారు 13,900 కిలోమీటర్లు నడిపేది. 2016 అక్టోబరులో దిశ మార్చి, తూర్పుకు తిరిగి పసిఫిక్ మీదుగా 15,300 కిలోమీటర్లు నడపగా, దూరం 1,400 కిలోమీటర్లు పెరిగినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో, అంటే పాత దారికన్నా సుమారు రెండు గంటలు ముందే ముగిసింది.

ఈ వింతకు కారణం జెట్ స్ట్రీమ్, అంటే నేలకు 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే ఇరుకైన గాలి ప్రవాహం. ధ్రువాల చలిగాలికీ ఉష్ణమండలపు వేడిగాలికీ ఉన్న తేడా, భూభ్రమణం కలిసి దీన్ని పుట్టిస్తాయి. చలికాలంలో దీని వేగం గంటకు 300 కిలోమీటర్లు దాటడమూ ఉంది. 1920లలో జపాన్ శాస్త్రవేత్త వసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచాడు గాని, లోకమంతా చదవాలన్న ఆశతో ఎస్పెరాంటో భాషలో రాయడం వల్ల కాబోలు, ఆ నివేదికను పట్టించుకున్నవారు తక్కువ. గాలిలో విమానం వేగం గంటకు సుమారు 900 కిలోమీటర్లే అయినా, పసిఫిక్ దారిలో నేలతో పోల్చి లెక్కిస్తే సగటు 1,050 దాటింది. ఆ తేడా వెనుకగాలి పెట్టిన భిక్ష.

హైదరాబాదు నుంచి వెళ్లేవారికి ఢిల్లీ దాకా మరో 1,260 కిలోమీటర్లు కలుస్తాయి. జెట్ వేగానికి అది గంటన్నర దూరమే అయినా టికెట్టు మీద రెండు గంటలకు పైనే ఉంటుంది. ఎందుకంటే సంస్థలు ప్రకటించేది బ్లాక్ టైమ్, అంటే విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో ఆగేదాకా పట్టే కాలం. రన్‌వే కోసం నిరీక్షణ, ఢిల్లీ పైన వరుసలో చక్కర్లు, అన్నీ అందులోనివే.

గాలి అనుకూలించినా దేశాల అనుమతి కూడా కావాలి. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ తన గగనతలాన్ని భారతీయ విమానాలకు మూసివేశాక పడమటి దారులు చుట్టుదారులయ్యాయి, ఉత్తర అమెరికా, ఢిల్లీల మధ్య నడిచే కొన్ని విమానాలు వియన్నాలో దిగి ఇంధనం నింపుకోవలసి వచ్చింది.