పాఠం ఇంట్లో, రాత బడిలో

హోసూరు వైపు మన ఇళ్లలో పిల్లలు గలగలా తెలుగు మాట్లాడతారు. అదే పిల్లలు తెలుగు బోర్డు చదవమంటే తడబడతారు. తమిళనాడులో 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఏటా ఒక్కో తరగతి చొప్పున తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2015-16లో పదో తరగతికి చేరింది. తెలుగు ఐచ్ఛిక పాఠంగా మిగిలింది. దొరికే ఆ కాస్త పీరియడునైనా ఎలా వాడుకోవాలి?

ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అనే పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. 2007లో అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ సామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లు, బడికి రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. తర్వాత అందరినీ పాఠం ఇంట్లోనే చూసి రమ్మని, లెక్కలూ ప్రయోగాలూ తరగతిలో తమ కళ్లముందు చేయించారు. అంటే పాఠం ఇంటికి, హోంవర్కు బడికి. ఫోనులో పాఠం, తరగతిలో టీచరు కలిసి నడిచే బ్లెండెడ్ బోధనలో ఇదొక రకం.

మన పిల్లలకు వినడం, మాట్లాడడం ఇంట్లోనే వస్తాయి. రానిది రాత. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ అన్నిటికీ ఒకే అక్షరం. ఒత్తులు లేవు, అక్షరం పైన చుక్క పెట్టి, తర్వాతి అక్షరం పక్కన రాస్తారు. ఆ లిపి ముందు నేర్చిన పిల్ల 'అమ్మ'ను 'అమ్‌మ' అని రాస్తే అది మొద్దుతనం కాదు, చేతి అలవాటు. కర్ణాటకలో చిక్కు వేరు: రెండు లిపులూ దగ్గరివి కాబట్టి కన్నడ అక్షరం తెలియకుండానే దొర్లుతుంది. ఇవి పక్కన కూర్చుని దిద్దాల్సిన తప్పులు. వీడియో దిద్దలేదు.

ఒత్తుల పాఠమే తీసుకుందాం. టీచరు ఐదు నిమిషాల ఆడియో వాట్సాప్‌లో పంపుతారు. పిల్ల అది విని, అక్క, చెట్టు, బియ్యం లాంటి పది మాటలు అవ్వనడిగి గుర్తుపెట్టుకుంటుంది. అవ్వకు చదువు రాకపోయినా ఫర్వాలేదు. మరునాడు పీరియడంతా ఆ మాటలు రాయడమే. త, న, మ, య, ర, ల ఒత్తులు అసలు అక్షరంలా ఉండవు కనుక అక్కడ టీచరు ఎక్కువసేపు ఆగాలి. అవ్వ చెప్పిన మాట పుస్తకంలో లేదని కొట్టేయకూడదు సుమా!

ఇంటికి ఒకటే ఫోను, అదీ నాన్నతో పనికి వెళ్తే? వినకుండా వచ్చినవాళ్లకు మొదటి పది నిమిషాలు టీచరు ఫోనులో వినిపించాలి. మిగతావాళ్లు అప్పటికే రాత మొదలుపెడతారు. వినలేదని శిక్షిస్తే ఆ పిల్లలు తెలుగు పీరియడుకే రారు. కేంద్రం 2017లో తెచ్చిన దీక్షలో తెలుగు పాఠాలున్నాయి కానీ, మన పిల్లలకు తెలిసిన టీచరు గొంతే మేలనిపిస్తుంది.

తల్లిదండ్రులు చేయాల్సింది చిన్నదే: రాత్రి పది నిమిషాలు ఫోనివ్వడం, పిల్లను అవ్వ దగ్గర కూర్చోబెట్టడం. రాయించే పని బడికే వదిలేయండి.